చక్రాల వడియాల్లో కారు చక్రాలు

పాత బొమ్మ కార్ల కిట్లలో పోయిన భాగాలను నేను రెజిన్‌తో పోతపోసి ఇస్తుంటాను. రాయ్‌పూర్‌లో ఉండే ఒకాయన, చిన్నప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చిన బొమ్మ కారుకి నాలుగు చక్రాలు కావాలన్నారు. ఈ రోజు సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నారు.

చక్రాలు బాగా గట్టిపడాలని పొద్దున్న వాటిని పళ్లెంలో పెట్టి డాబా మీద ఎండలో ఉంచాను. పక్కన 'ముట్టుకోవద్దు' అని పెద్ద అక్షరాలతో కాగితం కూడా పెట్టి, రంగు కొనడానికి సుపేలా బజారుకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి పళ్లెం ఖాళీ. మెత్తబడిన చక్రాల వడియాలను అమ్మ కూడా అక్కడే ఎండబెట్టిందట. మబ్బు పట్టగానే అన్నీ కలిపి డబ్బాలోకి ఎత్తేసింది. స్టవ్ మీద నూనె కాగుతోంది.

"అమ్మా, ఆగు. అందులో నా చక్రాలున్నాయి."

"అన్నీ చక్రాలే కదేటి."

"ముట్టుకోవద్దని కాగితం పెట్టాను కదా."

అమ్మ స్టవ్ కట్టేసింది. "ఈ ఇంట్లో చదువొచ్చింది నీకొక్కదానికే. మరి నీకోసం నువ్వే రాసుకున్నావేటి, మేడమ్?"

ఇద్దరం నేల మీద కూర్చుని డబ్బా బోర్లించి ఏరితే, నాలుగూ క్షేమంగా దొరికాయి.

సాయంత్రం ఆయన వచ్చి, కారుకి చక్రాలు పెట్టి చూసుకుని, బల్ల మీద అటూ ఇటూ నడిపారు. అమ్మ టీతో పాటు వేయించిన వడియాలు పెట్టింది. జరిగింది విన్నాక ఆయన ప్రతి వడియాన్నీ తిప్పి చూసుకుని తిన్నారు.

ఇకమీదట కాగితం మీద బొమ్మ వేద్దామనుకుంటున్నాను. చెయ్యి బొమ్మ వేస్తే, చేత్తో తియ్యమన్నావనుకున్నాను అంటుంది మా అమ్మ. మీరైతే ఏం బొమ్మ వేస్తారు?