ఆ ఫోటోలో ఎత్తిన చేతులు

కొత్తగూడెం బస్టాండులో మా వైపు వాళ్లు ఎవరైనా కలిస్తే మాట తిరిగి తిరిగి గుట్ట దగ్గరికే వస్తుంది. "మీ గూడెపోళ్లే గదా చేతులెత్తింది" అంటారు. ఇన్నేళ్లూ ఏమీ అనకుండా బస్సెక్కేశాను. మా వాళ్లు గుట్ట ఇచ్చేయడానికి చేతులెత్తలేదు. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అప్పట్లో కంకర మిషను వాళ్ల కన్ను మా గూడెం వెనక గుట్ట మీద పడింది. గుట్ట అడుగున ఒక ఊట ఉండేది. ఎండాకాలం బోరింగులు గాలి కక్కినా గూడెమంతా ఆ నీళ్లే తాగేది. ఒకరోజు కట్టెలకు పోయిన ఆడవాళ్లు పైన బండల మీద ఎర్ర రంగు గుర్తులు చూసి వచ్చారు. ఎవరు పెట్టారో తెలియదు. కొన్నాళ్లకు ఆ గుర్తులు ఊట దాకా దిగాయి.

నేను డిగ్రీ తప్పి ఊళ్లోనే ఉన్నాను. పంచాయతీల మీద పెట్టిన శిక్షణకు వెళ్లొచ్చి ఇల్లిల్లూ తిరిగాను. మాది ఏజెన్సీ, గ్రామసభ ఒప్పుకోనిదే గుట్టను ముట్టుకోకూడదని చెప్పాను. ఓటున్న ప్రతివాళ్లూ రావాలి, నచ్చకపోతే లేచి చెప్పాలి, తీర్మానం అక్కడే రాయించి చదివించుకోవాలి, అది వినకుండా ఎవరూ లేవకూడదు అన్నాను. వరసకు అత్తయ్యే ఆవిడ మా వార్డు మెంబరు. చింతపండు గింజ తీస్తూ అంతా విన్నది.

"అల్లుడా, మనం వద్దంటే నిజంగ ఆగుద్దా?"

"ఆగుద్దత్తా. చట్టమది."

"నువ్వే వకీలువైతే ఇగ నాకేం భయం" అని నవ్వింది.

సభ రోజు ముసురు పట్టింది. బడి తాళం దొరకలేదన్నారు. అందరం మా చర్చి రేకుల షెడ్డులో కూర్చున్నాం. పంచాయతీ కార్యదర్శితో పాటు కెమెరా పట్టుకుని ఒకతను వచ్చాడు. బయట జీపులో ఉన్న ఇద్దరు దిగలేదు. జీపు ఇంజను ఆపలేదు కూడా.

కెమెరా అతను నన్ను పక్కకు పిలిచి, సభ జరిగినట్టు రుజువుకు ఫోటో కావాలని, జనం చేతులెత్తి ఉంటే బాగా పడుతుందని అన్నాడు. నేను తెలివిగా సాయం చేస్తున్నాననుకున్నాను. మా షెడ్డులో ఏ పనైనా ప్రార్థనతోనే మొదలవుతుంది, అప్పుడు అందరి చేతులూ లేస్తాయి, అప్పుడు తీసుకోండి అని చెప్పాను. ప్రార్థన చేయమని అత్తను నేనే అడిగాను. ఆమె గొంతెత్తగానే చేతులన్నీ పైకి లేచాయి, కళ్లు మూతపడ్డాయి. నా కళ్లు తెరిచే ఉన్నాయి. ఫ్లాష్ వెలుగు నేనొక్కడినే చూశాను.

తర్వాత సభ నేను చెప్పినట్టే జరిగింది. అత్త లేచి గుట్ట ఇచ్చేది లేదని చెప్పింది. ఆమె వెనక ఒక్కొక్కరే లేచి అదే మాట అన్నారు. అంతలో వాన పెద్దదైంది. తీర్మానం ఆఫీసులో సాఫుగా రాస్తానని కార్యదర్శి పుస్తకం మూశాడు. ఇక్కడే రాసి చదవమని నేను అడగాలి. మా వాళ్లు నా వైపే చూస్తున్నారు. అంతా సవ్యంగా జరిగిందన్న సంబరంలో నేను తల ఊపాను. జీపు కదిలింది.

కొన్ని వారాలకు గుట్టకు దారి చదును చేయడం మొదలైంది. అత్తా నేనూ మండలాఫీసుకు పోయాం. గ్రామసభ ఒప్పుకుందని చెప్పి అక్కడి సారు ఫోటో ముందు పెట్టాడు. అత్త దాన్ని చాలాసేపు చూసింది.

"కండ్లు మూసుకొని ఎవరన్న ఒప్పుకుంటరా సారూ?"

అత్త నా వైపు తిరిగింది.

"అది ప్రార్థన అని నువ్వు చెప్పు అల్లుడా. సదువుకున్నోనివి, నీ మాటింటరు."

చెబితే, మరి ప్రార్థనలో ఫోటో ఎవరు తీయమన్నారని అడుగుతారు. అత్త ముందే అడుగుతారు. గుమ్మం దగ్గర, సభ రోజు జీపులో కూర్చున్న కంకర మిషను మనిషి నిలబడి ఉన్నాడు. బెదిరించలేదు. నన్ను చూసి, తెలిసినవాణ్ణి పలకరించినట్టు కొద్దిగా నవ్వాడు. ఆ నవ్వుకే నా నోరు మూతపడింది. అత్త ఫోటోను మెల్లగా బల్ల మీద బోర్లించింది.

మొదటి పేలుడుకు షెడ్డు రేకులు గలగలలాడాయి. ఊట నీళ్లు ముందు పాలలా తెల్లబడ్డాయి. ఆ ఎండాకాలానికి అడుగున తడి కూడా లేదు. గూడెం ఆడవాళ్లు బిందెలతో రోడ్డు మీద ట్యాంకరు కోసం నిలబడ్డారు. వాళ్లలో అత్త కూడా ఉంది.

ఆ ఫోటోలోవి ప్రార్థన చేతులు. తీయమన్నది నేను. అడిగిన చోట నోరు విప్పనిదీ నేనే. గుట్ట అమ్ముకున్నారన్న మాట మా వాళ్ల మీద ఉండకూడదు.

ఇప్పటికీ మా చర్చిలో ప్రార్థనకు ఎవరూ చేతులెత్తరు. ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంటారు. తర్వాత పుట్టిన పిల్లలు మా పద్ధతే అది అనుకుంటున్నారు.