వివరాలు లేని కట్ట

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఆఫీసులో అందరికీ ఆయన చీటీలాయన. కంప్యూటర్లు రాకముందు ఫైళ్లకు రంగు చీటీలు కట్టేవాడు, వచ్చాక అదే పని ట్యాగులతో చేస్తున్నాడు. ఇంట్లోనూ ఊరుకోడు. వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు అంటించి, ఉప్పు డబ్బాలో చక్కెర పోసిన పాపానికి భార్యతో రెండు రోజులు మాటలు మానేసిన ఘనుడు. "నా నుదుటి మీద కూడా ఒకటి అంటించండి, నేనెవరో మర్చిపోతారు" అని ఆవిడ దెప్పేది.

అది తప్పిపోయిన మనుషుల రికార్డుల ఆఫీసు. తమ దగ్గరకు చేరిన ఊరూ పేరూ తెలియని వాళ్ల గురించి ఆశ్రమాలూ ఆసుపత్రులూ అక్కడికి కాగితాలు పంపుతాయి. చీటీలాయన వాటిని స్కాన్ చేసి ట్యాగులు తగిలిస్తాడు: మగ, నలభై దాటినవాడు, పొడుగు, నత్తి. ఎవరైనా తమ మనిషిని వెతుక్కుంటూ వస్తే, వాళ్లు చెప్పిన గుర్తులకు తగ్గ ట్యాగులు ఎంచి వెతుకుతాడు. ఎంచినవన్నీ ఉన్న కాగితాలే తెర మీదికొస్తాయి. ఒక్కటి తగ్గినా ఆ కాగితం రాదు. వేల కాగితాలు నాలుగు నొక్కులకు పదైపోవడం చూసి ఆయన మురిసిపోయేవాడు.

రోజుకు నలభై కాగితాలు పూర్తి చేయాలి గనక మొదటి పేజీ మాత్రమే చూసి ట్యాగులు పెట్టడం అక్కడి పద్ధతి. ఆ పేజీలో గళ్లన్నీ ఖాళీగా ఉంటే 'వివరాలు లేవు' అని ఒకే ఒక్క ట్యాగు. ఊహించి రాయమంటే చీటీలాయన ససేమిరా అంటాడు. అదొక గొప్ప ఆయనకు.

మూడేళ్లుగా ప్రతి మంగళవారం ఒకావిడ వస్తోంది. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది, మంగళవారం సెలవు. ఆమె తమ్ముడు దర్జీ. జ్వరం తలకెక్కి మతి తప్పినవాడు ఒక పొద్దున చెప్పులైనా లేకుండా ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ముందురోజు రాత్రి తలుపు గడియ వేయడం మర్చిపోయింది ఆమే. ఆ మాట మొదటిరోజే చెప్పేసి, ముక్కు చీదుకుని, ఇక ఎప్పుడూ ఎత్తలేదు.

"ఇంకోటి గుర్తొచ్చింది అన్నయ్యా! ఎడం చేతి చూపుడు వేలికి మచ్చుంటుంది. మిషను సూది దిగింది."

చీటీలాయన 'వేలికి మచ్చ' చేర్చి నొక్కేవాడు. తెర ఖాళీ. పైవారం నడకలో ఒరుగు, ఆ పైవారం ఎత్తుపన్ను. తమ్ముడి గురించి ఎంత చెబితే అంత దగ్గరకొస్తాడని ఆమె ఆశ. చెప్పిన ప్రతి గుర్తూ వాడిని ఇంకాస్త అవతలికి నెడుతోందని ఇద్దరికీ తెలియదు. ఆమెకు తెలియకపోవడంలో తప్పులేదు. ఈయనకేం వచ్చింది?

"అన్నీ చూశారా అన్నయ్యా?"

"అన్నీ చూశానమ్మా."

రిటైరవడానికి వారం ఉందనగా సూపరింటెండెంటు పిలిచాడు. "ఆ వివరాలు లేని కట్ట ఏ వెతుకులాటలోనూ రాదండీ. ఊరికే పడి ఉంది. వెళ్లేలోగా అన్నిటికీ 'ముగిసింది' కొట్టేయండి."

మూడు వందల పన్నెండు కాగితాలు. చూడకుండా ముగించడానికి చీటీలాయనకు చేతులు రాలేదు. నలభై పూర్తి చేయాలన్న తొందర లేదు గనక, ఉద్యోగంలో మొదటిసారి తీరిగ్గా రెండో పేజీలు తిప్పాడు.

సోమవారం మధ్యాహ్నం ఒక కాగితం వచ్చింది. ఫొటోలో గడ్డం, పీక్కుపోయిన బుగ్గలు. రెండో పేజీలో ఆశ్రమం వార్డెను చేతిరాత: 'ఎడమ చూపుడు వేలికి సూది దిగిన మచ్చ. ఎవరి చొక్కాకు బొత్తాం ఊడినా కుట్టిపెడతాడు. పేరు అడిగితే, అక్కకి తెలుసు అంటాడు. ఇంకేమీ చెప్పడు.'

కాగితం అందినది మూడేళ్ల కిందట. ట్యాగు పెట్టినవారు అన్నచోట తన పేరే. ఆశ్రమం అక్కడికి బస్సులో రెండు స్టాపులు. వెంటనే ఫోన్ చేశాడు.

"ఆయనా? పోయిన చలికాలం పోయాడండీ, ఊపిరాడక. ఎవరైనా వస్తారేమోనని చివరిదాకా చూశాం" అంది వార్డెను.

సూపరింటెండెంటు అంతా విన్నాడు. "ముగించేయండి. మనిషే లేడు. చెప్పి ఆవిణ్ణి ఏడిపించడం తప్ప ఏం ఒరుగుతుంది? శుక్రవారం మీ వీడ్కోలు కూడాను."

ఆ సాయంత్రం చీటీలాయన వంటింట్లో డబ్బాల వంక చూస్తూ కూర్చున్నాడు. భార్య దెప్పబోయి, ఆయన ముఖం చూసి మానేసింది.

మంగళవారం ఆమె వస్తూనే మొదలెట్టింది. "ఇంకోటి గుర్తొచ్చింది అన్నయ్యా..."

"కూర్చోమ్మా" అని ఆయన తెరను ఆమె వైపు తిప్పాడు.

ఒక్క చూపు చాలింది. "వీడే! గడ్డం చూడు, వెధవకి" అని పకపకా నవ్వేసింది. "ఎక్కడున్నాడు? పదండి, పోదాం." అప్పటికే లేచి నిలబడింది, సంచీ భుజాన వేసుకుంది.

చీటీలాయన చెప్పాడు. ఆశ్రమం, చలికాలం, అన్నీ చెప్పాడు. "తప్పు నాదమ్మా. అన్నీ చూశానన్నాను గానీ, ఈ కట్ట చూడలేదు. రెండో పేజీ తిప్పలేదు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది.

"చలికాలంలో కూడా నేను వస్తూనే ఉన్నాను కదా" అంది.

"వస్తూనే ఉన్నావమ్మా."

"ఆ పేజీలో ఏముందో చదవండి."

చదివాడు. 'అక్కకి తెలుసు' దగ్గర ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"పేరు రాసుకోండి" అంది చివరికి.

మూడేళ్లుగా ఖాళీగా ఉన్న పేరు గడి మీద ఆయన నొక్కాడు. ఆమె ఇంటిపేరుతో సహా చెప్పింది, ముద్దుపేరు కూడా చెప్పింది. ఆయన టైపు చేసి 'వివరాలు లేవు' తీసేశాడు. తర్వాత వేలికి మచ్చ, ఒరుగు, ఎత్తుపన్ను, ఆమె మళ్లీ చెబుతుంటే మళ్లీ ఒక్కొక్కటే చేర్చాడు.

"ఇంకేమైనా ఉందామ్మా?"

"ఇవాళ గుర్తొచ్చింది ఒకటుంది. మతి పోయాక కూడా, పడుకునే ముందు వాడు రోజూ నన్ను అడిగేవాడు అన్నయ్యా. తలుపు గడియ వేశావా అక్కా అని."

చీటీలాయన అది కూడా రాశాడు.