మంచు పల్చగా ఉందట

మా అత్తగారు పోయారు. ఆదివారం మధ్యాహ్నం నేను డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటుంటే టెక్సస్‌లోని ప్లేనో నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, అమ్మని దేవుడు పిలుచుకున్నాడు," అంది. భోజనం చేసి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయారట. ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో, నేను మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. అయ్యో, ఇక చెప్పడానికి లేదే, అన్నది నా మనసులో మెదిలిన మొదటి మాట.

ఏం చెప్పడానికో ఇక్కడ రాస్తాను. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా సంఘం పత్రికవాళ్ళు అడిగారు. మంచి మాటలకేం, బోలెడున్నాయి. కానీ ఇది దాచి అవి రాస్తే దొంగ రాత అవుతుంది.

ఆవిడ గోదావరి జిల్లాలో ఒక మిషన్ బడిలో తెలుగు పంతులమ్మ. రిటైరయ్యాక, డెబ్భై ఎనిమిది అక్టోబరులో, మిన్నెసోటా ఉత్తరాన మేముండే చిన్న ఊరికి వచ్చారు. మా ఆయన అక్కడి కాగితం మిల్లులో ఇంజనీరు. నేను ఆ ఊరి ఆసుపత్రిలో నర్సుని. మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు దాటాయి. దానికి తెలుగు రావడం లేదని ఆవిడ వచ్చిన రోజే కనిపెట్టారు. మర్నాటి నుంచి ఇంట్లో బడి మొదలైంది, మా అందరికీ. ఫ్రిజ్‌కి తెలుగు లేదు కాబట్టి దాన్ని క్షమించేవారు. "మిల్క్ తాగు" అంటే మాత్రం క్షమించేవారు కాదు. ఒక కనుబొమ్మ పైకి లేచేది. నోరు తెరిచి ఒక్క మాట అనేవారు కాదు. మనమే తిప్పుకుని "పాలు తాగు" అనాలి.

"పిల్లకి నేర్పక్కర్లేదమ్మా. మనం మాట్లాడితే చాలు, జలుబులాగా అంటుకుంటుంది," అనేవారు. అంటుకుంది కూడా. ఆరు నెలల్లో అది నాతో పేచీలు తెలుగులోనే పెట్టింది.

ఆ ఊరి లూథరన్ చర్చిలో పాటల రాగాలు చాలావరకు మన తెలుగు కీర్తనలవే. ఆవిడ పుస్తకం తెరిచేవారు కాదు. వాళ్ళు ఇంగ్లీషులో పాడుతుంటే అదే రాగానికి గొంతెత్తి తెలుగు మాటలు పాడేసేవారు. ముందు బెంచీవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. చివరికి ఆ ముందు బెంచీవాళ్ళే ఆవిడకి చోటు ఉంచడం మొదలుపెట్టారు.

మా ఇంటి వెనకే సరస్సు. డిసెంబరుకల్లా గడ్డకట్టేది. ఫిబ్రవరిలో ఊరంతా దాని మీదే పండగ చేసుకునేది. సరస్సులోంచి పెద్ద పెద్ద దిమ్మలు కోసి అవతలి ఒడ్డు దగ్గర కోట కట్టేవాళ్ళు. కుక్కల బళ్ళ పందేలు, స్కేటింగు, కన్నాలు తవ్వి చేపలు పట్టడం, పెద్ద డేగిసాల్లో వేడి సూపు. మొదటి ఏడాది మా అత్తగారు రెండు స్వెట్టర్ల మీద మా ఆయన కోటు వేసుకుని, తల చుట్టూ శాలువా కట్టుకుని, ఒడ్డున నిలబడి ఒక గంట చూశారు. "నీళ్ళ మీద నడవాలంటే విశ్వాసం ఉండాలనుకున్నాను. ఇక్కడ బూట్లుంటే చాలన్నమాట," అన్నారు. ఆ గంట తరవాత ఆవిడ కూడా దిగారు. రెండో చలికాలానికి మనవరాలిని మంచు మీద జారే చిన్న స్లెడ్ బండి మీద కూర్చోబెట్టి, తాడు పట్టి లాక్కుంటూ రోజూ సరస్సు మీద షికారు తిరిగేవారు. స్నో లోతుగా ఉన్నచోట మోకాళ్ళదాకా దిగబడిపోయి, లేచి, నవ్వుకునేవారు. "ఈ మంచు లోతు తక్కువుంటే ఎంత హాయిగా నడవచ్చో!" అనేవారు.

మా పక్కింటి పెద్దాయన ఆ ఊళ్ళో ఐస్ కొలిచే మనిషి. తవ్వుడు కర్రతో కన్నం పెట్టి, గీతల పుల్ల దించి, ఇక్కడ మనుషులు నడవచ్చు, ఇక్కడ కార్లు వెళ్ళచ్చు అని ఆయన చెబితేనే పండగ. రెండో ఏడు పండగ రోజు పొద్దున, నేను కారు వేడెక్కడానికి ఆన్ చేసి నిలబడితే, ఆయన కంచె దగ్గరికి వచ్చాడు. ఈసారి కోటకి చివరి దిమ్మలు మా గట్టు దగ్గర కోశారట. ఆ గుంట మీద మళ్ళీ పొర కట్టింది కానీ అది ఉత్త పొరే. నిన్న పైన స్నో పడింది కాబట్టి చూస్తే తెలియదు. చుట్టూ గుర్తుగా పచ్చ కొమ్మలు పాతాము. ఐస్ అక్కడ పల్చగా ఉంది, మీ ఇంట్లో పెద్దావిడ రోజూ నడుస్తుంది, ఆమెకి చెప్పు, అన్నాడు.

నేను పరుగున లోపలికి వెళ్ళాను. ఆవిడ పిల్లకి టోపీ పెడుతున్నారు. ఇద్దరూ సరస్సు దాటి కోట చూడ్డానికి వెళ్ళాలని వారం నుంచీ అనుకుంటున్నారు. మా ఆయన పండగ పనుల్లో సాయానికి ముందే అక్కడికి వెళ్ళిపోయారు.

"అత్తయ్యా, ఐస్..." అన్నాను.

కనుబొమ్మ లేచింది.

"మంచు," అని దిద్దుకున్నాను. "మన గట్టు దగ్గర పచ్చ కొమ్మలు పాతారు చూడండి, అక్కడ మంచు పల్చగా ఉందట. చూసుకోండి."

"సరేనమ్మా, చూసుకుంటాలే. నీకు టైమవుతోంది, బయల్దేరు," అన్నారు.

"టైము" ఆవిడ నోట్లోంచి వచ్చిందని, దొరికిపోయారని నవ్వుకుంటూ కారెక్కాను.

రెండు గంటలు తిరక్కుండా ఆవిడని మా ఎమర్జెన్సీకే తీసుకొచ్చారు. బట్టలు ఒంటి మీదే గడ్డకట్టి బిగుసుకుపోయాయి. కత్తిరించింది నేనే. మా పక్కింటి పెద్దాయన నిచ్చెన పరిచి, దాని మీద బోర్లా పడుకుని ఆవిడని బయటికి లాగాడట. పిల్లకి చెమ్మైనా తగల్లేదు. కాలి కింద పొర విరిగిన క్షణంలో ఆవిడ స్లెడ్ తాడు వదిలేశారు. మునిగేవాడు గడ్డిపరకైనా వదలడంటారు. ఆవిడ చేతిలో తాడుంది, వదిలేశారు. పట్టుకునుంటే స్లెడ్డూ పిల్లా ఆవిడ వెనకాలే వచ్చి పడేవాళ్ళు.

మధ్యాహ్నానికి ఒళ్ళు వేడెక్కి మాట వచ్చింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"పిల్ల?"

"బాగుందత్తయ్యా. కింద క్యాంటీన్‌లో ఉంది వాళ్ళ నాన్నతో."

కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నారు. తరవాత మెల్లిగా అన్నారు. "నువ్వు చెప్పిన చోటికే వెళ్ళానమ్మా. మంచు పల్చగా ఉందన్నావుగా, కాళ్ళు దిగబడవు కదా అని. పచ్చ కొమ్మలు చూసి, పండక్కి దారి అలంకరించారు కాబోలనుకున్నాను."

నాకు అప్పుడు అర్థమైంది. మంచు అంటే ఆవిడకి పైన పడేది, రోజూ దిగబడేది. అది పల్చగా ఉందంటే మంచి కబురే కదా? చూసుకోండి అంటే, ఆ చోటు వెతుక్కోండి అనే కదా? మంచుగడ్డ అనాల్సింది. గడ్డ అన్న ఒక్క మాట నోట రాలేదు. పోనీ ఐస్ అని ఊరుకున్నా ఆవిడకి తెలిసేది. నేను తెలుగు సరిగ్గా మాట్లాడానని మురిసిపోతూ ఒక ముసలావిడనీ, నా కడుపున పుట్టిన పిల్లనీ ఆ గుంటలోకి పంపాను.

తలుపు తోసుకుని మా ఆయన వచ్చారు. ముందు నా వంక చూశారు. "నువ్వు చెప్పలేదా? ఆయన నీకు చెప్పానంటున్నాడు!"

"చెప్పానండీ. కొమ్మల దగ్గర పల్చగా ఉందని చెప్పాను," అన్నాను. అది అబద్ధం కాదు. అంతకన్నా పాడుది.

ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగారు. "చెప్పినా ఎందుకెళ్ళావమ్మా? పిల్ల పోయుంటే?"

ఆవిడ నన్ను చూశారు. ఎక్కువసేపు కాదు. "మర్చిపోయాను నాన్నా. పెద్దదాన్నయ్యాను కదా," అన్నారు.

నేను థర్మామీటరు పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు.

ఆ రోజు భయం. మర్నాడు సిగ్గు. ఆ తరవాత ఆలస్యమైపోయిందన్న సాకు. మనిషికి సాకులు దొరక్కపోవడం ఎప్పుడైనా ఉందా? చలికి చచ్చుబడిన ఆవిడ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తీసేశారు. ఇంటికొచ్చాక ఇంట్లో అందరికీ ఆవిడ మతిమరుపు కనబడడం మొదలైంది. చారులో ఉప్పు తగ్గితే మతిమరుపు. కళ్ళజోడు వెతుక్కుంటే మతిమరుపు. ఆ రెండూ నేను వారానికి నాలుగుసార్లు చేస్తాను, నన్నెవరూ ఏమీ అనలేదు. పిల్లని బేబీసిట్టర్ దగ్గర పెట్టారు. మనవరాలిని బయటికి తీసుకెళ్తానని ఆవిడ మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు. ఎండాకాలంలో మా ఆడపడుచు వచ్చి ఆవిడని ప్లేనో తీసుకెళ్ళిపోయింది. "అక్కడ చలి ఉండదు, అమ్మకి సేఫ్," అన్నారు మా ఆయన. నేను పెట్టె సర్దాను.

తరవాత ఏడేళ్ళు ప్రతి ఆదివారం ఫోను. ఒకసారి తెగించి మొదలుపెట్టాను. "అత్తయ్యా, ఆ రోజు సరస్సు దగ్గర నేను చెప్పింది..."

"ఏ రోజమ్మా? నాకేం గుర్తులేదు. మతిమరుపు మనిషిని," అని నవ్వేశారు. "పిల్ల చదువుతోందా?"

నాకు ఊపిరి వచ్చింది. ఫోను పెట్టేసి హాయిగా కాఫీ పెట్టుకుని తాగాను. ఆ కాఫీ తాగినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

ఊళ్ళో పండగ మాత్రం ఏటా వచ్చేది. తండ్రీ కూతుళ్ళు వెళ్ళేవాళ్ళు. నేను ఆ రోజుల్లో అడిగి మరీ డ్యూటీ వేయించుకునేదాన్ని. మూడో అంతస్తు కిటికీలోంచి కోట కనబడేది, ఎండకి నీలంగా మెరుస్తూ. దానికెన్ని దిమ్మలు కోసుంటారో, ఏ గట్టు దగ్గర కోసుంటారో అన్నదే నా ధ్యాస. నాకు చలి పడదని తోటి నర్సులు అనుకునేవాళ్ళు. మా అమ్మాయి స్నేహితులకి కథ చెప్పేది. "మై గ్రాండ్‌మా ఫర్గాట్. ఆల్మోస్ట్ డ్రౌన్డ్ మీ," అని. వింటూ అంట్లు తోమేదాన్ని.

సమాధి కార్యక్రమానికి ప్లేనో వెళ్ళాం. అక్కడ తెలుగు కుటుంబాలు అద్దెకి తీసుకున్న హాల్లో ఆరాధన చేసుకుంటారు. ఎవరి ఒంటి మీదా కోటు లేదు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు ఆవిడ గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పవచ్చన్నారు. మా ఆయన లేచారు. తల్లి తనని ఎలా చదివించిందో చెప్పి ఏడ్చారు. పెద్దతనంలో మతిమరుపు వచ్చిందనీ, దాని వల్ల ఒకసారి ఘోరం జరగబోతే ప్రభువు తన బిడ్డని కాపాడాడనీ చెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. అలవాటుగా నోటికి వచ్చేసింది.

అప్పుడు పాస్టరుగారు, ఆవిడ దగ్గర శనివారాలు తెలుగు నేర్చుకున్న పిల్లల్ని ముందుకి పిలిచారు. టీచరమ్మమ్మ ఏం నేర్పారో చెప్పమన్నారు. ఏడేళ్ళ పిల్ల ఒకతె చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"మాకు ఫస్ట్ క్లాస్‌లో మంచు చెప్పింది," అంది. "మంచు అంటే స్నో. మంచుగడ్డ అంటే ఐస్. పెద్దవాల్లు ఊరికే మంచు అంటే, ఏ మంచు అని అడగాలి. అడక్కుండా వెల్లకూడదు."

ప్లేనోలో మంచేమిటని పెద్దవాళ్ళు నవ్వారు. మా ఆడపడుచు నా చెవిలో, "ప్రతి కొత్త పిల్లకీ మొదటి పాఠం అదే వదినా. అ ఆలు కూడా తరవాతే. ఎందుకో మరి," అంది.

నేను లేచాను. లేస్తాననుకోలేదు. "మా అత్తయ్య ఏదీ మర్చిపోలేదు," అన్నాను. "తప్పు మాట చెప్పింది నేను. ఆవిడ నేను చెప్పినట్టే చేశారు. నా కాపురంలో గొడవ రాకూడదని మర్చిపోయానన్నారు. ఏడేళ్ళు ఆ పేరు మోశారు. నేను మోయనిచ్చాను." ఆ పొద్దున ఏమన్నానో, ఆవిడ ఏమని అర్థం చేసుకున్నారో, మొత్తం చెప్పాను.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకు లాగింది. "సో నానమ్మ ఫర్గెట్ చెయ్యలేదా?"

"లేదమ్మా."

"అయితే నేను అందరికీ..." అని ఆగి, మొహం కప్పుకుంది.

మా ఆయన నా వైపు చూడలేదు. లేచారు. బయటికి వెళ్ళిపోతారనుకున్నాను. ఆయన ముందుకి నడిచి, ఇంకా అక్కడే నిలబడి ఉన్న ఆ పిల్ల ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"మళ్ళీ చెప్పమ్మా," అన్నారు.

"ఏది అంకుల్?"

"మంచు పాఠం."

ఆ పిల్ల మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆయన బడిపిల్లాడిలా ఒక్కొక్క మాటా దాని వెనకాలే అన్నారు. "ఏ మంచు అని అడగాలి" అన్న దగ్గర ఆయన ఆగిపోయారు. ఆ పిల్ల తరవాతి మాటకి వెళ్ళలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, ఆయన అనేదాకా అలాగే నిలబడి ఎదురుచూసింది.