టేపు కోయించుకోవడానికి గుడివాడ ప్రయాణం

ఉదయం ఆరున్నరకు నేనూ మా వదినా అవనిగడ్డలో బందరు బస్సెక్కాం. దగ్గినా తుమ్మినా చీర తడుస్తోందని కిందటేడు ఆపరేషన్ చేయించుకుని మూత్రనాళం కింద ఆసరాగా వలలాంటి టేపు వేయించుకున్నాను. ఈ మధ్య అది బిగుసుకుపోయి మూత్రం రావడమే మానేసింది. మూడు నెలలుగా పూటపూటకూ సన్నని గొట్టం పెట్టుకుని తీసుకుంటున్నాను. టేపు కోసినా రాకపోతే ఇక బతికినన్నాళ్ళూ గొట్టమే.

పొలాలున్న మా తాతగారి రోజుల్లో మా ఆడవాళ్ళు గూడుబండికి తెర కట్టందే గడప దాటేవారు కాదు. ఇప్పుడు ఆ పొలాలూ లేవు, ఆ తెరా లేదు. అయినా ఈ సంగతి దారిలో ఎత్తొద్దని వదినకు గట్టిగా చెప్పాను.

బందరు స్టేషను దగ్గర ఇడ్లీ తిని గుడివాడ పాసింజరెక్కాం. చిలకలపూడిలో చేపల గంపతో ఒకావిడ ఎక్కి నా ఎదుట కూర్చుంది.

"ఆస్పత్రికా అమ్మా? గర్భసంచా?"

"కాదు" అని కిటికీ వైపు తిరిగాను.

వదిన ఊరుకోలేదు. "ఈవిడకి ఒంటికి రావట్లేదు."

"అయ్యో! నాకేమో గంపెత్తితే చాలు, ఆగి చావదు. మనిద్దర్నీ కలిపి చెరిసగం చేస్తే సరిపోద్దమ్మా!"

పెట్టెలో ఆడవాళ్ళందరూ నవ్వారు. నాకు పెడన దాటాక నవ్వొచ్చింది.

గుడివాడలో డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు. "టేపంతా తియ్యనండి. మధ్యలో కోస్తే బిగువు వదులుతుంది. మళ్ళీ కాస్త కారొచ్చు."

"ఎంత?"

"కోస్తేగానీ తెలియదు."

"కోయండి" అన్నాను.

నడుముకు మత్తిచ్చారు, నొప్పి తెలియలేదు. ఈ ఆపరేషనుకు వెళ్ళేవాళ్ళు పాత చీరలు, మంచినీళ్ళ సీసా, తోడుకు ఒక మనిషిని తీసుకెళ్ళాలి. భోజనం పక్క వీధి మెస్సులో దొరుకుతుంది. మర్నాడు, ఆపరేషనప్పుడు పెట్టిన గొట్టం తీశాక కొద్దికొద్దిగా వచ్చింది. స్కానింగులో లోపల ఇంకా మిగులుతోందన్నారు. "ఇంటికెళ్ళి చూసుకోండి, ఆగిపోతే మళ్ళీ గొట్టమే" అంది నర్సు.

తిరుగు ప్రయాణంలో చల్లపల్లి చేరేసరికి ఉగ్గబట్టుకోలేక దిగాను. బస్టాండు మరుగుదొడ్డికి గడియ లేదు, వదిన బయట తలుపు పట్టుకుంది. ముక్కలేదు, కడుపు నొక్కుకోలేదు. ధార దానంతటదే వచ్చింది, తెగకుండా వచ్చింది.

కండక్టరు కేకేశాడు. "ఏవమ్మా, రావాలి! బండి కదుల్తోంది!"

"ఉండవయ్యా! మూడు నెల్ల నించి దీనికోసమే చూస్తన్నాం!" బస్టాండంతా వినపడేలా అరిచింది వదిన.

ఆఖరి చుక్క దాకా లేవలేదు. చీర సర్దుకుని తొందరపడకుండా బస్సు దాకా నడిచాను. మెట్టెక్కుతుంటే దగ్గొచ్చి లంగా కొద్దిగా తడిసింది. ఆ పాటి తడితో బతకొచ్చు.