జాబితాలో లేని పిల్లల డాక్టరమ్మ

మా డాక్టరమ్మ మొన్న విజయనగరంలో కన్నుమూశారు. పొద్దున్నే పాతపట్నం బస్సు కోసం నిలబడి ఉండగా, ఒకప్పుడు నాతో పనిచేసిన, ఊరూరా తిరిగి టీకాలు వేసే ఏఎన్ఎం ఫోన్ చేసింది. కాసేపు ఏడుపే వినిపించింది. తర్వాత, "అక్కా, మేడమ్ గోరు పోనారు. గుండె ఆగిపోనాదట" అంది. బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను ఎక్కలేకపోయాను.

ఒడిశా సరిహద్దు దగ్గర ఆరోగ్య కేంద్రంలో ఆవిడ డాక్టరు, నేను స్టాఫ్ నర్సుని. అంత చదువు చదివినా మా యాస దాచుకునేవారు కారు. జిల్లా సమావేశంలో కూడా "అదెలగవుతాది సార్?" అనే అడిగేవారు. పసిపిల్లల్ని పరీక్షించే ముందు చేతి గడియారం విప్పి వాళ్లకిచ్చేవారు. వాళ్లు దాన్ని చప్పరిస్తుంటే తీరిగ్గా గుండె చప్పుడు వినేవారు. ఆ తోలు పట్టీ నిండా పాలపళ్ల గాట్లే.

ఒక ఏడు తట్టు టీకాల్లో మా కేంద్రానికి నూటికి నూరు శాతం వచ్చింది. మెచ్చుకుంటూ జిల్లా నుంచి ఫోను కూడా వచ్చింది. ఆ సంతోషంలో ఉండగానే, ఒంటినిండా దద్దుర్లతో కాలిపోతున్న కూతుర్ని ఎత్తుకుని ఇటుక బట్టీ నుంచి ఒక తల్లి వచ్చింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలగ వచ్చినాదా?" అని అడిగారు డాక్టరమ్మ.

"పెద్దోడికి వచ్చినాదమ్మా. ఊపిరాడకపోతే ఆఖరికి సరిహద్దు అవతల ఆసుపత్రికి ఎత్తుకెళ్లినాం. అక్కడే పోనాడు."

"మాకెందుకు సెప్పనేదు?"

"అమ్మవారు పోస్తే ఆసుపత్రోళ్లకి సెప్తారేటమ్మా?"

పాపకు మందులిచ్చి, పడుకోబెట్టి, ఆ మధ్యాహ్నమే బట్టీకి బయల్దేరారు. ఏఎన్ఎం, నేను వెంట వెళ్లాం. గుడిసె గుడిసెకీ వెళ్లి కూర్చున్నారు. ఎవరైనా చనిపోయారా అని అడగలేదు. "ఎంతమంది పిల్లలమ్మా నీకు? అందర్నీ ఓసారి పిలు" అనేవారు. పిలిచినా రాని పిల్లల సంగతి అప్పుడు బయటపడేది. పోయింది ఒక్క పిల్లాడు కాదు. అవతల ఆసుపత్రి వాళ్లు ఆంధ్ర పిల్లలని లెక్క రాయకుండా వదిలేశారు. ఇక్కడేమో ఒడిశాలో పోయారని ఎవరూ రాసుకోలేదు. రెండు రాష్ట్రాల లెక్కల్లోనూ ఆ పిల్లలు చనిపోలేదు. అసలు పుట్టినట్టే లేదు. వలస వచ్చిన వాళ్లు కాబట్టి మా టీకాల జాబితాలో వాళ్ల పేర్లే ఎక్కలేదు.

ఏఎన్ఎం డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "మేడమ్, నా ఉద్యోగం పోతాది" అంది.

"జాబితాలో ఉన్నోళ్లందరికీ ఏసేవు కదే. జాబితా నాది. నేను సెప్పుకుంటాను."

మరణాలన్నీ తట్టు వల్లేనని, మా నూరు శాతం నిజం కాదని జిల్లాకు రాసి పంపారు. మర్నాడు పై అధికారి ఫోను. పక్కనే ఉన్నాను కాబట్టి ఆయన గొంతు నాకూ వినిపించింది.

"వాళ్లు మన రాష్ట్రంలో పోలేదు కదమ్మా. మన లెక్క మనమే ఎందుకు పాడు చేసుకోవడం?"

"ఎక్కడ పోయినా జబ్బు తగిలినాది నా మండలంలోన సార్. లెక్క పాడైతే మళ్లీ రాసుకుందాం. ముందు టీకాలు పంపండి."

టీకాలొచ్చాయి. వాటితోపాటే సంజాయిషీ అడుగుతూ మెమో కూడా వచ్చింది. ఏఎన్ఎం పేరు ఎక్కడా రానివ్వకుండా తప్పంతా తనదేనని జవాబు రాశారు. రావలసిన పదోన్నతి ఆ ఏడు రాలేదు. ఒకసారి నేను బాధపడితే, "ఉన్న పిల్లని నేదంటే రేపు టీకా ఎవరికేస్తావే?" అన్నారు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. ఆ తల్లి తెచ్చిన పాప మాత్రం బతికింది.

బట్టీలో టీకాలు వేసిన రోజు ఇప్పటికీ నా కళ్లముందుంది. ఆవిడ ఒక్కొక్కర్నీ ఒళ్లో కూర్చోబెట్టుకుంటే నేను సూది వేశాను. నొప్పికి ఏడుస్తూ ప్రతి బిడ్డా ఆవిడ్నే గట్టిగా పట్టుకుంది. పని అయ్యాక జీపు ఎక్కబోతుంటే చూశాను. తెల్ల కోటు భుజాల మీద, గుండెల మీద, ఎక్కడ చూసినా ఇటుక ధూళితో పడిన చిన్న చిన్న ఎర్రటి చేతుల గుర్తులు. దులుపుతానని చెయ్యి చాపాను. "ఉండనీయే" అని, అలాగే జీపెక్కి కూర్చున్నారు.