కోదాడ మూట

మా ఆయన నర్సింహకు అరబ్బీ వచ్చు. ఈ మాట కొత్తవాళ్లతో అంటే ముందు నా ముఖం చూస్తారు, తర్వాత గల్ఫ్‌లో ఎన్నేళ్లున్నాడని అడుగుతారు. గల్ఫ్ మాట దేవుడెరుగు, ఆయన ఇంతవరకు విమానం ఎక్కలేదు. సూర్యాపేటలో ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి, కరోనా తర్వాతి ఏడాది రిటైరయ్యాడు. పుట్టింది చివ్వెంల దగ్గర ఒక పల్లెలో. మా మామ బీరన్న గొర్లు కాసేవాడు, వేలిముద్ర మనిషి.

అరబ్బీ ఎట్లా వచ్చిందంటే, కిరాయి గది వల్ల వచ్చింది. పెళ్లికి ముందు ఆయన మిర్యాలగూడలో చిన్న ఉద్యోగం చేస్తూ మౌల్వీ ఇనాయతుల్లా సాబ్ ఇంట్లో కిరాయికి ఉండేవాడు. మా మామ పొలం కాగితం నిజాం కాలం నాటిది, ఉర్దూలో ఉండేది. దాన్ని మౌల్వీ సాబ్ చదివి అర్థం చెప్పాడు. ఇంకొకరైతే దండం పెట్టి, కాగితం జేబులో పెట్టుకుని వచ్చేసేవాళ్లు. ఈయన మాత్రం "నాకు గుడ నేర్పున్రి సాబ్" అన్నాడు. ఉర్దూతో మొదలై అరబ్బీలోకి దిగింది. అందులోనూ బజారులో పనికొచ్చే అరబ్బీ కాదు, తర్కం, తత్వం. మౌల్వీ సాబ్ ఇంట్లో తాతల నాటి చేతిరాత పుస్తకాలు రెండు ఇనుప బీరువాల నిండా, ఒక చెక్కపెట్టె నిండా ఉండేవి. మా పెళ్లయినప్పటి నుంచి ఆదివారం నాది కాదు, ఆ బీరువాలది.

రిటైరైన ఏడాదే హైదరాబాదులోని ఒక సంస్థవాళ్లు ఆ పుస్తకాలన్నీ ఫోటోలు తీసి భద్రపరుస్తామని ముందుకొచ్చారు. ముందు క్యాటలాగు కావాలన్నారు. మౌల్వీ సాబ్‌కి ఎనభై దాటాయి, షుగరుతో చూపు పూర్తిగా పోయింది. "ఇది నువ్వే చెయ్యాలె నర్సింహా" అన్నాడు. మా ఆయనకి కలెక్టరు ఉద్యోగం వచ్చినంత సంబరం. పెన్షను కాగితాలు మూలన పడేసి, వారానికి నాలుగు రోజులు మిర్యాలగూడ బస్సెక్కడం మొదలుపెట్టాడు.

నేను పనిచేసే స్కూలుకి సెలవులిచ్చినప్పుడు తోడు వెళ్లి చూశాను. పని మొదలుపెట్టే ముందు కిటికీలన్నీ మూస్తారు, ఎందుకంటే రైస్‌మిల్లుల నల్లటి బూడిద ఎగిరొచ్చి పుస్తకాల మీద వాలుతుంది. ఆకులు చెదిరిపోతాయని ఫ్యాను కూడా ఆపేస్తారు. ఆ ఉక్కలో మా ఆయన ఒక్కొక్క పుస్తకాన్ని కుడివైపు నుంచి తెరిచి, ఆకులు లెక్కపెట్టి, స్కేలుతో కొలిచి, పుస్తకం దేని గురించో, రచించినవాడెవడో, నకలు రాసినవాడెవడో, ఏ సంవత్సరమో కార్డు మీద రాస్తాడు. ఊడిపోయిన ఆకులుంటే ఆ రోజు అన్నం మర్చిపోయినట్టే. ఆ కాలపు రాతగాళ్లు పేజీకి నంబరు వేసేవాళ్లు కాదట. పేజీ అడుగున ఒక మూలకి, రాబోయే పేజీలోని మొదటి మాటను రాసి పెట్టేవాళ్లట. ఆ మాట పట్టుకుని తర్వాతి ఆకును వెతుక్కోవాలి. కొన్ని పుస్తకాల మొదటి పేజీలో పురుగుల రాజు పేరు రాసి ఉంటుంది. ఆ పేరు చూసి చెదలు దూరంగా పోతాయని నమ్మకం. ఒక పుస్తకంలో సరిగ్గా ఆ పేరు చుట్టూనే కంతలు కనిపిస్తే, "గీ ఊరి చెదలకు సదువు రాదేమో" అన్నాను. పక్కగదిలో పడుకున్న మౌల్వీ సాబ్ గట్టిగా నవ్వాడు.

ఆయన నవ్వు నాకిష్టంగానే ఉండేది. అందుకే తర్వాత జరిగినదానికి అంత మండింది.

చెక్కపెట్టెలో అన్నిటికంటే పైన, ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన పుస్తకం ఒకటి ఉండేది. ఆత్మ గురించిన గ్రంథం. మొదటి ఆకు ఎప్పుడో పోయింది. చివరి ఆకు మీద మౌల్వీ సాబ్ ముత్తాత పేరు, రాసిన సంవత్సరం ఉన్నాయి. అది ఆ ముత్తాత రచించిన గ్రంథమని ఇంట్లో అందరి నమ్మకం. మౌల్వీ సాబ్‌కి అది మొదటి నుంచి చివరిదాకా నోటికొచ్చు. ఎవరైనా పెద్దమనిషి ఇంటికొస్తే ముందు చాయ్, ఆ తర్వాత ముత్తాత. మా ఆయన కూడా ఆ గ్రంథాన్ని తన సొంత తాత రాసినట్టే మాట్లాడేవాడు. కన్ను అన్నిటినీ చూస్తుంది గానీ తనను తాను చూసుకోలేదని, ఆత్మ మాత్రం తనను తాను ఎరుగుతుందని, కాబట్టి దేహం పోయినా దానికి చావు లేదని ఒకసారి నేను చిక్కుడుకాయలు తుంచుతుంటే వివరించాడు. "మీ ఆత్మకు గ్యాసు బుక్ చేసుడు ఎందుకు యాదికుండదు మరి" అని అడిగాను. దానికి ఆ గ్రంథంలో జవాబు లేనట్టుంది.

బీరువా అడుగు అరలో ఒక గోనె మూట ఉంది. కోదాడలో ఎవరో పాత ఇల్లు పడగొడుతూ, అటక మీద దొరికిన కాగితాలను పారేయడానికి మనసొప్పక మౌల్వీ సాబ్‌కి తెచ్చి ఇచ్చారు. అప్పటికే ఆయన చూపు మందగించింది, మూట విప్పలేదు. మా ఆయన చివరికి దాని దగ్గరికి వచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమైంది గట్లున్నరు?" అన్నాను.

"ముత్తాత కితాబు ముత్తాతది కాదు గీతా. కోదాడ మూటల గదే కితాబు ఉన్నది. తెరిచి సూసినకాడల్లా మాటకు మాట గదే. ఈయన ముత్తాత పుట్టకముందు వందేండ్ల కిందటిది."

"మరి రాసిందెవరు?"

"దానికి గుడ మొదటి ఆకు లేదు. తెల్వది. ఈయన ముత్తాత నకలు రాసిండు, గంతే."

నకలు రాయడం తప్పేం కాదు, అచ్చు యంత్రాలు లేని కాలంలో అట్లా రాసినవాళ్ల వల్లే పుస్తకాలు బతికాయి. అది మా ఆయనే నాకు చెప్పాడు. కానీ ఎనభై ఏళ్లు దాటిన మనిషి దగ్గరికి వెళ్లి, నువ్వు జీవితమంతా మోసిన గొప్ప నీది కాదని చెప్పడం వేరు. "రచించినోని పేరు కాడ ఖాళీ ఇడువున్రి" అన్నాను. "తెలిసి ఖాళీ ఇడిస్తే గుడ అబద్ధమే" అన్నాడు. ఆ మాట అన్నాడే గానీ, కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. ఆ పాత ప్రతి మీది సంవత్సరం తప్పుగా రాసిందైతే బాగుండునని ఆశపడి, కోదాడ దాకా వెళ్లి ఆ ఇంటివాళ్లను అడిగొచ్చాడు. "మాకేం తెలీదండీ, మా తాతగారి కంటే ముందు నుంచే అటక మీద ఉండేవి" అన్నారట వాళ్లు. కాగితం పాతదే, సిరా పాతదే, సంవత్సరంలో తప్పు లేదు.

చివరికి వెళ్లి చెప్పాడు. ఏం జరిగిందో ఆ రోజు నాకు చెప్పలేదు. "ఏమన్నడు?" అంటే "ఏమన్లే" అన్నాడు. రెండు రోజులు అన్నం కలుపుకుని వదిలేశాడు. మూడో రోజు నేను గట్టిగా నిలదీస్తే నోరు విప్పాడు. మౌల్వీ సాబ్ మంచం మీద లేచి కూర్చుని, "గొర్లకాడికెల్లి వచ్చినోనివి, మా కితాబుల సంగతి నీకేం ఎరుక" అన్నాడట. ఇక రావద్దన్నాడట.

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లల పుట్టినరోజులు వదులుకుని వెళ్లాడు ఆ ఇంటికి. ఆ ముసలాయన కంటి ఆపరేషనుకి హైదరాబాదు దవాఖానలో రాత్రంతా బల్ల మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ల తర్వాత 'మా కితాబులు' అట, 'గొర్లకాడికెల్లి' అట. మా ఆయనకి మాత్రం కోపం రాలేదు, వచ్చి ఉంటే నాకు ఊరటగా ఉండేది. "ఆ కితాబులు ఆయనవి. నేను ఎట్లయినా బయటోన్నే గద" అన్నాడు. తాను ఆయన శిష్యుణ్ననుకున్నాడు. కాదని తేలిపోయిందనుకున్నాడు. ఇంట్లో ఉన్న అరబ్బీ నిఘంటువును కూడా బీరువా మీద, చేతికందనంత ఎత్తున పెట్టేశాడు. అదిగో, అది చూసి ఏడ్చాను నేను.

నెల దాటాక మౌల్వీ సాబ్ కూతురు సాబెరా ఆపా ఫోను చేసింది. ఫోను నేనెత్తాను. ముక్కుసూటిగా నాలుగు మాటలు అనాలనుకున్నాను. ఆమె గొంతు విన్నాక అనలేకపోయాను.

"మా అబ్బా సరిగ్గ తింటలేడు భాభీ. పొద్దుమాపు ఆ కితాబే సదువుకుంటుండు నోట్లె. భాయిని జర రమ్మంటుండు."

"నేను గుడ వస్త" అన్నాను. ఫోనులో అనలేనివి ఎదురుగా అందామని.

వెళ్లాం. మౌల్వీ సాబ్ బాగా చిక్కిపోయాడు. క్షమాపణ చెప్తాడేమోనని ఎదురుచూశాను, చెప్పలేదు. "కోదాడ కితాబు తియ్యి నర్సింహా. నేను సదువుత, నువ్వు దాంట్ల సూసుకుంట రా. ఏడ తేడా వచ్చినా ఆపు" అన్నాడు. రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి సరిచూడడం వాళ్ల పాత పద్ధతేనట. ఇక్కడ ఒక ప్రతి కాగితం మీద, రెండోది ముసలాయన నోట్లో. కిటికీలు మూశారు. నేను తెచ్చిన మాటలు నా దగ్గరే ఉండిపోయాయి, ఎందుకంటే మా ఆయన ముఖం ఆ నెల రోజుల్లో మొదటిసారి వెలిగింది.

పుస్తకం పూర్తి కావడానికి ఒక్క రోజు చాలలేదు. మళ్లీ మళ్లీ వెళ్లాం. మౌల్వీ సాబ్ కళ్లు మూసుకుని చదివేవాడు, మా ఆయన వేలు వరుస వెంట నడిచేది. అప్పుడప్పుడు ఒక చిన్న మాట తేడా వస్తే ఆపేవాడు. అంతే, మిగతా అంతా ఒకటే. ప్రతిసారీ ముసలాయన ముఖం ఇంకొంచెం వాడిపోయేది. తన ముత్తాత చేయి ఆ పుస్తకంలో ఎక్కడైనా తగులుతుందేమోనని వెతుక్కుంటున్నాడని నాకు అర్థమైంది. నా కోపం నాకు తెలియకుండానే కరిగింది.

ఆఖరి రోజు, చివరి ఆకులకు వచ్చాక, మా ఆయన ఆపాడు.

"సాబ్, గీ మాటలు గీడ లేవు."

"ఏ మాటలు?"

"అఖూలు కాడికెల్లి. నాలుగు వరుసలు."

సాబెరా ఆపా నా చేయి పట్టుకుంది. 'అఖూలు' అంటే 'నేనంటాను' అని. ఈ పుస్తకాలలో ముందు పెద్దవాళ్లు చెప్పింది చెప్పి, తర్వాత తన మాట చెప్పేవాడు ఆ మాటతో మొదలుపెడతాడట. ఆ నాలుగు వరుసలను మా ఆయన నాకోసం తెలుగులో చెప్పాడు. "నేనంటాను: ఈ రుజువు బుద్ధికి చాలు, కొడుకును మట్టిలో పెట్టిన తండ్రికి చాలదు. తండ్రి కోరేది తనను తాను ఎరిగే ఆత్మను కాదు, నాయినా అని తనను గుర్తుపట్టే ఆత్మను."

మౌల్వీ సాబ్ పెద్దకొడుకు ఇరవై రెండేళ్లప్పుడు నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. మొత్తం పుస్తకంలో ఆ నాలుగు వరుసలే ఆయన ఎక్కువగా చదువుకునేవాడని సాబెరా ఆపా తర్వాత చెప్పింది.

"అయితే గవి మీ ముత్తాతవే సాబ్" అన్నాడు మా ఆయన.

ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. "కావొచ్చు. కోదాడ కితాబు రాసినోడు ఇడిసిపెట్టి ఉండొచ్చు గుడ. అనుమానం ఉంటే అనుమానం అని రాయి. రచించినోడు తెల్వదు, నకలు రాసింది మా ముత్తాత, నాలుగు వరుసలు ఆయనవి కావొచ్చు. గంతే రాయి." చెంపల మీది తడిని తుడుచుకోలేదు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో చూసి నాకు చేతులు జోడించాలనిపించింది.

తర్వాత, "ఆకుపచ్చ గుడ్డల కితాబు తియ్యి. చివరి ఆకు వెనక ఖాళీ ఉంటది. కలం పట్టు" అన్నాడు.

"పాత కితాబుల మీద కొత్తగ రాయొద్దు సాబ్. గది రూలు."

"నీ రూలు తర్వాత వచ్చేటోళ్లకు. ఇది సరిసూసినోడు ఎవడో రాయకుంటే, సూసినట్టు ఎట్ల తెలుస్తది? రాయి."

ఆయన అరబ్బీలో ఒక్కొక్క మాటా చెప్పాడు, మా ఆయన రాశాడు. గురువు శిష్యుడికిచ్చే ఇజాజత్ అది. ఈ ప్రతిని పాత ప్రతితో సరిచూసి, మొదటి నుంచి చివరిదాకా నా ముందు పూర్తి చేసినవాడు నా శిష్యుడు, నా దగ్గర నేర్చుకున్నది ఇతరులకు నేర్పడానికి అతనికి అనుమతిస్తున్నాను, అతని పేరు నర్సింహ, ఫలానావాని కొడుకు. అక్కడ కలం ఆగింది. కళ్లు లేని మనిషికి కలం చప్పుడు ఆగడం ఎంత బాగా వినిపిస్తుందో అప్పుడు చూశాను.

"ఆగినవేంది? నాయిన పేరు రాయి. బీరన్న."

"సాబ్..."

"రాయి బేటా. గొర్లు కాసినోడు అని గుడ రాయి. నా నోరు అన్న మాట, నా నోరే సక్కగ చెప్పాలె."

మా ఆయన రాశాడు. వేలిముద్ర తప్ప ఇంకేదీ వేయడం రాని మా మామ పేరు, పేరు తెలియని తత్వవేత్త మాటల తర్వాత, నకలు రాసిన ముత్తాత మాటల తర్వాత, అదే కాగితం మీద కూర్చుంది. సాబెరా ఆపా తండ్రి చేతికి కలం అందించి, సంతకం చోటు చూపించింది. ఆయన మెల్లగా గీశాడు. తర్వాత చేత్తో తడుముకుంటూ ఆ ఆకు మీదికి రాబోతే మా ఆయన ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"సిరా తడి ఉన్నది సాబ్."

"ఆరలేదా?"

"లేదు."

"అయితే కూసో" అన్నాడు ముసలాయన, ఆ చేయి విడిపించుకోకుండా. "ఆరినంక పోదువు. నాకు గుడ ఏం పని ఉన్నది."