నీలం విరగని జావ

1920ల నాటి మాట. నా భార్యను కొండజ్వరం తీసుకుపోయేనాటికి మా పాపకు ఇంకా పళ్ళు రాలేదు. హుకుంపేట దగ్గర చిన్న ఆసుపత్రిలో నేను కాంపౌండరును. మేకపాలు పడితే పాప కక్కేసేది, జావ పోస్తే పోసినట్టే బయటికి వచ్చేసేది. సాలూరు నుంచి వచ్చిన డాక్టరు చూసి, "జావలో పిండిపదార్థం దీనికి అరగడం లేదు. మొలకెత్తిన చోళ్ళ పిండి, అదే రాగిపిండి, కలపవయ్యా. అందులో డయాస్టేజు ఉంటుంది. కడుపు చెయ్యాల్సిన పని గిన్నెలోనే చేసేస్తుంది" అని గుర్రమెక్కారు. చెప్పడానికేం, ఎన్నయినా చెబుతారు.

మొలక చోళ్ళకు కరువు లేదు. పాపను సాకుతున్న కొండ ముసలమ్మ ఇంట్లో పండగ తాగుడు కోసం ఎప్పుడూ నానుతుండేవి. వాటిని ఎండబెట్టి తిరగలిలో విసిరి పిండి తెచ్చింది. కళ్ళారా చూస్తే తప్ప దేన్నీ నమ్మని మొండి ఘటాన్ని నేను. జావలో ఆ పిండి కలిపి, ఒక్కో చుక్కా సాసర్లో వేసి, టింక్చరు అయోడిన్ తగిలించాను. పిండిపదార్థం ఉంటే చుక్క నల్లటి నీలానికి తిరుగుతుంది, విరిగిపోతే అయోడిన్ రంగే మిగులుతుంది. అది ఎంత వేగంగా విరుగుతుందో చూడాలి. ఆసుపత్రి గడియారం వానలకు చెమ్మెక్కి ఆగిపోయింది. పక్కన ముసలమ్మ చుట్ట కాలుస్తోంది, దాంతోనే కొలిచాను. చుట్ట సగం కాలకముందే నీలం మాయం! మిగతా పిండి ఆమెకే అప్పగించి, ఆ పూట కడుపునిండా తిన్నాను.

పాప మాత్రం తేరుకోలేదు. రానురాను ఏడుపు కూడా సన్నగిల్లింది. ఒళ్ళు మండి, పాప గిన్నెలోని జావకే పరీక్ష పెట్టాను. నల్లటి నీలం. ముసలమ్మ చుట్ట అయిపోయింది, ఇంకోటి ముట్టించింది, అదీ అయిపోయింది. నీలం కదల్లేదు.

"పిండిని ఏటి సేసినావమ్మా?"

"బాగా ఏపీసినాను బాబూ. పళ్ళు రాని గుంటకి నిప్పు సూడని కూడు ఎట్టకూడదు కదా. మా పిల్లలందరికీ అలాగే ఎట్టినాను."

వేపితే డయాస్టేజు చచ్చిపోతుంది. కేకలేద్దామనుకున్నాను. సొంత పిల్లలకు చేసినట్టే చేసింది, ఏమని తిట్టను?

వేపని పిండి తెప్పించి, జావ గోరువెచ్చగా అయ్యాక కలిపాను. చిక్కటి జావ చూస్తుండగానే పలచబడింది. ఉగ్గుగిన్నెతో పోశాను. పాప మింగలేదు. పెదవి చివరి నుంచి కారిపోయింది. నాకు మతి పోయినట్టుంది, ఆ కారిన చుక్క మీద కూడా అయోడిన్ వేశాను. నీలం రాలేదు.

"అదొగ్గీ బాబూ," అంది ముసలమ్మ, అయోడిన్ సీసా నా చేతిలోంచి తీసేస్తూ. "గుంట సల్లబడిపోతంది. బేగి ఎత్తుకో."